చలికాలం దాటి వచ్చిన డాఫడిల్స్: మీ ముంగిట ఎప్పుడు పూశాయి?

పెరటిచెట్టు, లీడ్స్, ఇంగ్లండ్. 2025 మార్చి 14

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఉదయం చెత్తడబ్బాను వీధి మొగదలకు తోసి తిరిగి వస్తూ ఉండగా, మా ముంగిట కంచె పక్కన మొదటి డాఫడిల్ విచ్చుకుని కనిపించింది. నిన్న సాయంత్రం వరకు అది మెడ వంచిన మొగ్గే. దాని మీద ఉల్లిపొర వంటి గోధుమరంగు తొడుగు ఇంకా అంటుకునే ఉంది. తెల్లవారేసరికి ఆ తొడుగు చీలి వెనక్కి ముడుచుకుపోయి, ఆరు పసుపు రేకులూ, వాటి నడుమ అంచుకు చిరుకుచ్చిళ్లు పోసినట్లున్న బాకా బయటపడ్డాయి. పూసినది ఒక్కటే పువ్వు. నేను మాత్రం డ్యూటీకి ఆలస్యమవుతుందన్న సంగతి కూడా మరచిపోయి, తడి గడ్డిలో గొంతుకు కూర్చుని దాని లోపలికి తొంగిచూస్తూ ఉండిపోయాను.

ఈ దేశంలో నాకిది మూడో చలికాలం. డిసెంబరులో ఇక్కడ మూడుంముప్పావుకే పొద్దు గుంకుతుంది, ఉదయం ఎనిమిది దాటితే తప్ప తెల్లవారదు. చీకటిలో ఇల్లు వదిలి చీకటిలోనే తిరిగి వచ్చేవాళ్లకు వారం మధ్యలో తమ ముంగిలి ఎలా ఉంటుందో కూడా తెలియదు. చలిని కోటుతో ఆపవచ్చు కాని, ఆ చీకటికి ఏ కోటూ లేదు.

ఈ డాఫడిల్ గడ్డలను నాటినది మా అమ్మ. ఆరు నెలలు ఉందామని గుంటూరు నుంచి వచ్చిన ఆమె, అక్టోబరులో నేను సంచి విప్పి చూపించగానే, "ఇంత డబ్బు పోసి కుళ్లిన ఉల్లిగడ్డలు కొన్నావేమిటే" అని నవ్వింది. ఆ తరువాత మాత్రం తానే కొంగు దోపి, గడ్డకు మూడింతల లోతు గుంట తీసి, మొన పైకి ఉండేటట్లు ఇరవై నాలుగు గడ్డలనూ వరుసగా పెట్టింది. నవంబరులో వెళ్లిపోయింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో ఆమె అడిగే మొదటి ప్రశ్న, "మొలిచిందా?" అన్నదే. జనవరి మొదటి వారపు మంచు కరిగినప్పుడు ఆకుపచ్చని మొనలు చూపించాను. ఈ రోజు పువ్వును చూపిస్తే కాసేపు ఏమీ మాట్లాడకుండా చూసి, "దేవుడికి పెట్టావా?" అని అడిగింది. ఉన్నదొక్కటే పువ్వు, కోయడానికి చేయి రాలేదని చెప్పాను.

చలిదేశాలలో ఉన్న మన సభ్యుల ముంగిళ్లలో ఇవి ఎప్పుడు పూశాయో, మొదటిసారి చూసినప్పుడు మీకేమనిపించిందో వివరంగా రాయగలరు.

మంచుపార, మిషిగన్, అమెరికా. మార్చి 14

పెరటిచెట్టు గారూ, మీ అదృష్టానికి నిజంగానే అసూయ కలిగింది. మా కారుబాట పక్కన డిసెంబరు నుంచి నేను పారతో ఎత్తిపోసిన మంచు నల్లబడి, రాయిలా బిగిసి ఇంకా నడుము ఎత్తున ఉన్నది. దాని కిందనే నా గడ్డలున్నాయి. మాకు ఏప్రిల్ రెండో సగం వచ్చే దాకా పువ్వు మాట తలచుకోనవసరం లేదు.

అయితే నిరుడు జరిగిన ఒక సంగతి చెప్పాలి. పువ్వులు విరబూసిన నాలుగో రోజు రాత్రి మళ్లీ మంచు పడింది. తెల్లవారి చూస్తే ఒక్క కాడ కూడా నిలబడి లేదు. అన్నీ నేలకు సాగిలపడి, రేకులు గాజుముక్కల్లా బిగుసుకుని ఉన్నాయి. ఇక ఈ ఏటికి ఇంతే అనుకుని ఆఫీసు పనిలో పడ్డాను. పదకొండు గంటల వేళ కాఫీకి లేచి కిటికీలోంచి చూస్తే, సగం కాడలు మోచేతి మీద లేస్తున్న మనిషిలాగా ఒంగి ఉన్నాయి. మధ్యాహ్న భోజనం వేళకు అన్నీ నిటారుగా నిలబడ్డాయి. గడ్డకట్టేటంత చలిలో ఈ మొక్క కణాలలోని నీరు కొంత బయటి ఖాళీలలోకి జారుతుందనీ, అందువల్ల కాడ వాలిపోతుంది కాని లోపల పగలదనీ, ఎండ తగలగానే ఆ నీరు తిరిగి లోపలికి చేరుతుందనీ తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం నాకు ఇవేమీ తెలియవు, నోరు తెరుచుకుని చూశానంతే.

వేల్స్ కోడలు, కార్డిఫ్. మార్చి 15

మా వేల్స్‌కు ఇది జాతీయ పుష్పం. మార్చి 1న సెయింట్ డేవిడ్ పండుగకు పిల్లలందరూ గుండెకు డాఫడిల్ గుచ్చుకుని బడికి వెళతారు. కొందరు పెద్దలు దానికి బదులు లీక్ అనే ఉల్లిజాతి కూర కాడను గుచ్చుకుంటారు. వెల్ష్ భాషలో డాఫడిల్ పేరుకు "పేతురు లీక్" అని అర్థం. మీ అమ్మగారికి ఉల్లిగడ్డ గుర్తుకు రావడంలో ఆశ్చర్యమేమీ లేదు, ఇక్కడి వాళ్లు కూడా పేరు పెట్టేటప్పుడు ఆ తోవనే నడిచారు.

ఆ పోలిక వల్లనే ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉంది. రెండేళ్ల కిందట మా అత్తయ్యగారు పెరట్లో ఏపుగా ఎదిగిన ఆకులను చూసి, ఉల్లికాడలనుకుని గుప్పెడు కోసి, పప్పులో వేద్దామని కత్తిపీట ముందు కూర్చున్నారు. నేను సమయానికి వంటింట్లోకి వెళ్లాను కాబట్టి సరిపోయింది. డాఫడిల్ గడ్డ, ఆకు, పువ్వు అన్నీ విషమే; లైకోరిన్ అనే పదార్థం వల్ల వాంతులు, కడుపునొప్పి పట్టుకుంటాయి. 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ, మొగ్గ దశలోని డాఫడిల్ కట్టలను కూరగాయల పక్కన అమ్మకానికి పెట్టవద్దని సూపర్‌మార్కెట్లకు లేఖ రాయవలసి వచ్చింది. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ముందే చెప్పి ఉంచండి. గడ్డల సంచిని ఉల్లిపాయల బుట్ట దరిదాపుల్లో పెట్టకండి.

అదే మొక్క నుంచి గాలంటమైన్ అనే మందు కూడా తీస్తారు, అల్జీమర్స్ రోగులకు ఇస్తారు. దానికోసమే మా బ్లాక్ మౌంటెన్స్ కొండవాలులలో గొర్రెల బీళ్ల మధ్య డాఫడిల్ సాగు జరుగుతోంది.

మిద్దెతోట, హైదరాబాదు. మార్చి 16

మీ ఆనందానికి అడ్డు తగలడం నా ఉద్దేశం కాదు కాని, నా అనుభవం వేరు. నిరుడు సెప్టెంబరులో ఆన్‌లైన్‌లో పది గడ్డలు తెప్పించాను. వీటికి పన్నెండు వారాలకు తక్కువ కాకుండా చలి తగలాలని చదివి, ఫ్రిజ్‌లో కూరగాయల అర ఒకటి పూర్తిగా ఖాళీ చేయించాను. పండిన పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను పాడుచేస్తుందన్నారని, మూడు నెలల పాటు ఆపిళ్లను ఫ్రిజ్‌లో పెట్టనివ్వలేదు. ఈ విషయంలో ఇంట్లో నాకు దక్కిన మర్యాద ఇక్కడ రాయలేను. సంచి మీద "విషం, కూరకు కాదు" అని పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను.

డిసెంబరు చివర కుండీలలో నాటితే, ఫిబ్రవరి మొదట్లో మూడు పూశాయి. నాలుగో రోజుకు ఎండకు కమిలిపోయాయి. మిగిలిన ఏడు గడ్డలూ ఆకులతోనే సరిపెట్టాయి. ఇంత శ్రమకు ఆ మూడు పువ్వులూ ఏమి సంతోషమిచ్చాయని నన్ను నేను అడిగితే, నిజం చెప్పాలంటే అంతగా ఏమీ లేదు. ఎందుకంటే అదే సమయంలో మిద్దె మీద చామంతులు, బంతులు, గులాబీలు విరగబూసి ఉన్నాయి. ఆ మూడింటినీ మా ఇంటికి వచ్చినవారు గమనించను కూడా లేదు. మన ఊళ్లలో ఈ పువ్వు ఎందుకు?

మల్లెపొద, డబ్లిన్. మార్చి 16

మిద్దెతోట గారితో నేను ఏకీభవిస్తాను. పన్నెండేళ్లుగా చూస్తున్నాను, కంటికి బాగుంటాయి, కాదనను. కాని ముక్కుకు ఏముంది? మా విజయవాడలో వేసవి సాయంత్రం మూర మల్లెపూలు తెచ్చి తడిగుడ్డలో చుట్టిపెడితే గది గదంతా తెలుస్తుంది. ఈ పువ్వు జడలో పెట్టడానికి పనికిరాదు, మాల కట్టడానికి పనికిరాదు. కోస్తే కాడలోంచి జిగురు కారి చేతికి దురద. గుంపులో ఒక సభ్యురాలు సంబరపడితే అందరూ సంబరపడాలన్న నియమమేమీ లేదు కదా.

పెరటిచెట్టు, లీడ్స్. మార్చి 17

మల్లెపొద గారూ, అటువంటి నియమమేమీ లేదు, మీరు ధారాళంగా విమర్శించవచ్చు. కాడ జిగురు సంగతి నిజమే. పూలు కోసే కూలీలకు చేతుల మీద దద్దుర్లు వస్తాయని ఇక్కడ అందరికీ తెలిసినదే. ఆ జిగురు వల్లనే కోసిన డాఫడిల్స్‌ను తులిప్‌లతో కలిపి ఒకే కూజాలో పెట్టకూడదు, తులిప్‌లు త్వరగా వాడిపోతాయి. కొన్ని గంటలు విడిగా నీళ్లలో ఉంచి, కాడ మళ్లీ కోయకుండా కలుపుకోవాలి.

మిద్దెతోట గారు అడిగిన దానికి మాత్రం నాకు తోచినది చెబుతాను. మీ మిద్దె మీద అవి నాలుగో రకం పువ్వుగా పూశాయి. మా వీధిలో నవంబరు నుంచి ఈ నాటి వరకు రంగు అన్నది చెత్తడబ్బాల మూతలకు తప్ప దేనికీ లేదు. నేను పువ్వును చూసి కూర్చుండిపోయానని రాశాను కాని, అసలు చూసినది పసుపురంగును అనుకుంటాను.

శ్రీనగరం పాత కాపు, విశాఖపట్నం. మార్చి 18

ఉద్యోగరీత్యా ఆరేళ్లు శ్రీనగర్‌లో ఉన్నాను. ఈ జాతికే చెందిన నర్గీస్ పువ్వును కశ్మీరీలు యెంబర్జల్ అంటారు. తెల్ల రేకులు, మధ్యలో చిన్న పసుపు గిన్నె. చలికాలమంతా ఫిరన్ అనే పొడుగు అంగీ లోపల కాంగ్డీ అనే నిప్పుల కుంపటి పట్టుకుని తిరిగిన మా ఇంటి యజమాని, మొదటి యెంబర్జల్ కనబడిన రోజున ఆ కుంపటిని అటక మీదికి ఎక్కించేవాడు. మళ్లీ రెండు రోజులకు చలి తిరగబెడితే ఎవరికీ చెప్పకుండా దించుకునేవాడనుకోండి. ఉర్దూ కవులు ప్రియురాలి కళ్లను నర్గీస్‌తో పోల్చడం హైదరాబాదు వారికి కొత్త కాదు.

మల్లెపొద గారికి ఒక మనవి: నర్గీస్‌కు వాసన ఉంది, గట్టిగానే ఉంది. ఒక కాడకు గుత్తిగా పూసే రకాలు, జాంక్విల్ రకాలు తెచ్చి నాటి చూడండి. అంగళ్లలో చవకగా దొరికే పెద్ద బాకా రకాలను చూసి జాతి మొత్తాన్ని తీసిపారేయడం న్యాయం కాదు.

కడియం మట్టి, తూర్పు గోదావరి. మార్చి 19

మాది నర్సరీ కుటుంబం కాబట్టి కొంత విపులంగా రాస్తున్నాను. మా కడియంలో దొరకని మొక్క లేదంటారు కాని, డాఫడిల్‌ను మాత్రం మేము పెట్టము, ఎవరైనా అడిగితే వద్దనే చెబుతాము. దీనికి కారణం గడ్డ లోపలే ఉంది. రాబోయే ఏటి పువ్వు ఈ ఏటి వేసవిలోనే గడ్డ నడుమ చిన్న పిందెగా తయారవుతుంది. శరత్కాలంలో నేల చల్లబడగానే వేళ్లు దిగుతాయి. ఆ తరువాత వారాల తరబడి చలి సోకితేనే లోపలి కాడ నిలువుగా సాగే శక్తి తెచ్చుకుంటుంది. చలి చాలకపోతే పువ్వు గడ్డలోనే ఎండిపోవడమో, ఆకుల మొదట్లో పొట్టిగా ఇరుక్కుపోవడమో జరుగుతుంది. మనం పైన చూసి "మంచు కింద నిద్రపోతోంది" అనుకునే నెలలలో లోపల పని జరుగుతూనే ఉంటుంది. కాబట్టి చలి ఈ మొక్కకు శత్రువు కాదు, అది తినే తిండిలో ఒక భాగం. మిద్దెతోట గారి ఫ్రిజ్ ఒక్క ఏడాదికి ఆ తిండి పెట్టగలిగింది. పూత తరువాత కనీసం ఆరు వారాలు చల్లని ఎండలో ఆకు పచ్చగా నిలిచి గడ్డను తిరిగి నింపాలి కదా, హైదరాబాదు మార్చి ఎండలో అది జరగదు. మూడు పూయడమే గొప్ప.

మిద్దెతోట గారూ, మీకు ఇదే కుటుంబానికి చెందిన మరొక గడ్డ చెబుతాను: మే పుష్పం. చలికాలంలో ఆకు పూర్తిగా పోయి, కుండీలో మట్టి తప్ప ఏమీ కనిపించదు. ఖాళీ కుండీ అనుకుని వేరే మొక్క నాటి గడ్డను పొడిచేసినవాళ్లు ఎంతమందో. వేసవి ముదిరాక ఒక రోజు మొద్దు కాడ పైకి వచ్చి, దాని కొసన ఎర్రని బంతి విచ్చుకుంటుంది. ఏడాదికి ఒక్కసారే. డాఫడిల్ చలిని దాటి పూస్తే, ఇది ఎండను చూసుకుని లేస్తుంది. అయిదారు గడ్డలు ఒకే కుండీలో ఉంచండి, ఏళ్ల తరబడి కదపకండి.

హడ్సన్ అవతలి ఒడ్డు, న్యూజెర్సీ. మార్చి 22

మా పెరట్లో నిన్న పూశాయి. మొదట నేను తులిప్‌లు నాటాను. సగం గడ్డలను ఉడుతలు తవ్వుకుపోయాయి, మిగిలినవి మొగ్గ తొడగగానే జింకలు వచ్చి వరుసగా మేసిపోయాయి. డాఫడిల్ విషమని వాటికి మనకంటే ముందే తెలుసు, దాని జోలికి రావు.

న్యూయార్క్‌లో పనిచేసేవారు పార్కులలో గమనించే ఉంటారు. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత, ఒక డచ్ గడ్డల వ్యాపారి పంపిన లక్షలాది డాఫడిల్ గడ్డలను ఆ శరత్కాలంలోనే వేలమంది స్వచ్ఛందంగా నగరమంతటా నాటారు. నేటికీ ప్రతి ఏటా గడ్డలను ఉచితంగా పంచుతారు. 2007లో దీనిని నగర అధికారిక పుష్పంగా ప్రకటించారు. నేను అక్కడ చేరిన ఏడాది మా కార్యాలయం తరఫున ఒక పార్కులో నలభై గడ్డలు నాటాను. నా పక్కన నాటుతున్న పెద్దావిడ ఆ మొదటి ఏడాది నుంచీ వస్తున్నానని చెప్పింది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. గుంట లోతు చాలలేదని మాత్రం నా చేత రెండుసార్లు తవ్వించింది.

పెరటిచెట్టు, లీడ్స్. మార్చి 30

అందరికీ విశ్వావసు నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు. ఈ ఏడు ఇక్కడ మూడు పండుగలు ఒకే రోజున పడ్డాయి: ఉగాది, బ్రిటన్ వారి మాతృదినోత్సవం, గడియారాలను గంట ముందుకు తిప్పుకునే ఆదివారం. పొద్దున చర్చి ముందు నుంచి నడిచి వెళుతుంటే, లోపలి నుంచి వస్తున్న తల్లులందరి చేతులలో చిన్న చిన్న డాఫడిల్ కట్టలున్నాయి. ఈ రోజున పిల్లల చేత ఇప్పించడం ఇక్కడి ఆనవాయితీ.

ఇరవై నాలుగు గడ్డలలో ఇరవై ఒకటి పూశాయి. పచ్చడికి వేపపువ్వు ఎండుదే, నిరుడు అమ్మ కాగితంలో పొట్లం కట్టి తెచ్చినది. పూజకు మాత్రం ఏడు డాఫడిల్స్ కోశాను. దేవుడికి పరాయి పువ్వు పెట్టవచ్చునా అని నాకూ కొంత శంక ఉండేది. అమ్మను అడిగితే, "నేను నాటిన గడ్డ పరాయిది ఎట్లా అవుతుందే" అన్నది. పటం ముందు కూజాలో నిలబెడితే ఏడూ దేవుడి వైపు కాకుండా కిటికీ వైపు తిరిగి ఉన్నాయి. ఎటు తిప్పి పెట్టినా నా కంటికి అట్లాగే కనిపించాయి.

యార్క్ గోడ, యార్క్. ఏప్రిల్ 2

పెరటిచెట్టు గారూ, మీకు రైలులో అరగంట కూడా పట్టదు, ఈ వారమే రండి. మా నగరపు పాత గోడ కింద ఉన్న మట్టిగట్టు మొత్తం ఇప్పుడు డాఫడిల్స్‌తో నిండి ఉంది. స్టేషను నుంచి బయటికి అడుగు పెట్టగానే ఎదురుగా కనిపిస్తుంది. తీరిక ఉంటే ఫార్న్‌డేల్ కూడా చూడండి. డవ్ అనే చిన్న నది ఒడ్డున మైళ్ల పొడవునా అడవి డాఫడిల్స్ వాటంతట అవే పెరుగుతాయి. జనం కోసుకుపోతున్నారని 1955లో దానిని రక్షిత ప్రాంతం చేశారు. అవి అంగడి రకాలలా నిగనిగలాడవు, పొట్టిగా, లేత పసుపు రేకులతో ఉంటాయి. మనందరం బడిలో బట్టీపట్టిన పద్యానికి మూలమైనవి, 1802 ఏప్రిల్ 15న ఇంగ్లీషు కవి వర్డ్స్‌వర్త్, ఆయన చెల్లెలు డరొతీ ఉల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున చూసినవి, ఆ అడవి పువ్వులే. మా మాస్టారు డాఫడిల్ అంటే బంతిపువ్వు వంటిదని చెప్పారు. నేను పాతికేళ్లు అట్లాగే నమ్మాను.

మల్లెపొద, డబ్లిన్. ఏప్రిల్ 9

శ్రీనగరం వారి మాట మీద, గుత్తిగా పూసే రకం కట్ట ఒకటి కొన్నాను. వాసన ఉన్న మాట నిజమే. మల్లె కాదు. అయినా రాత్రి భోజనాల గదిలోంచి పడకగదిలోకి మార్చాను.

మంచుపార, మిషిగన్. ఏప్రిల్ 23

ఈ ఉదయం పూసింది. మంచుగుట్ట కరిగిన చోట, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పూ ఇసుకా మేట వేసిన బురదలోంచి. ఆరు వారాల పాటు మీ అందరి రాతలూ చదువుతూ పళ్లు నూరుకున్నాను. ఇప్పుడు మీవన్నీ వాడిపోయి ఉంటాయి.

పెరటిచెట్టు, లీడ్స్. ఏప్రిల్ 24

అభినందనలు, మంచుపార గారూ. మావి వాడిపోయిన మాట నిజమే. ఆకులు పక్కకు వాలి, ముంగిలి దువ్వని తలలా ఉంది. మా వారు గడ్డి కోసే యంత్రం పట్టుకుని రెండుసార్లు బయలుదేరారు. జూన్ వరకు ఆ మూల ముట్టుకోవద్దని నాలుగు పుల్లలు పాతి పురికొస కట్టాను. దారిన పోయేవారు లోపల ఏదో అపురూపమైన మొక్క ఉందనుకుని ఆగి చూస్తున్నారు.

మిద్దెతోట, హైదరాబాదు. ఏప్రిల్ 27

కడియం మట్టి గారు చెప్పిన గడ్డలు ఆరు తెచ్చి పెట్టాను. నాలుగు వారాలుగా వట్టి మట్టికే నీళ్లు పోస్తున్నానని ఇంట్లో నవ్వుతున్నారు. ఈ ఉదయం కుండీ అంచు దగ్గర మట్టి కాస్త పగిలి, ఎర్రచారలున్న మొన ఒకటి కనిపించింది. ఇది పూకాడేనా, ఆకేనా? కడియం వారు దయచేసి చెప్పగలరు.